స్టూల్ కల్చర్ రిపోర్టు చెప్పేది, చెప్పనిది

నా పని గురించి భోజనాల దగ్గర ఎత్తకూడదని మా ఇంట్లో గట్టి నిషేధం ఉంది. నేను మైక్రోబయాలజీ లాబ్‌లో పనిచేస్తాను. రక్తం, మూత్రం, కఫం, చీము అన్నీ వస్తాయి గానీ నా వాటాకి ఎక్కువగా పడేది చిన్నపిల్లల మలం. మూత బిగించిన చిన్న డబ్బా, దాని మీద వయసు: ఎనిమిది నెలలు, ఏడాదిన్నర, మూడేళ్లు. వెంట ఒక కాగితం, అందులో 'విరేచనాలు, జ్వరం' అని రెండు మాటలు. నిషేధం పెట్టినవాళ్లే తమ పిల్లకి విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం నేను భోజనానికి కూర్చున్నప్పుడు ఫోన్ చేసి, రంగు, చిక్కదనం, వాసనతో సహా వర్ణిస్తారు.

అందరూ అడిగేది ఒకటే. "ఏ బ్యాక్టీరియానో తేల్చి చెప్పేస్తే దానికి తగ్గ మందు వేసేస్తాం కదా?" వినడానికి లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఐదేళ్లలోపు పిల్లల విరేచనాల్లో ఈ లెక్క కుదిరే సందర్భాలు తక్కువ. కుదిరిన చోట మాత్రం ఆ పేరు తెలియడం చాలా ముఖ్యం.

ముందు ఒక సంగతి. పిల్లలకొచ్చే విరేచనాల్లో పెద్ద భాగం వైరస్‌ల వల్ల వస్తుంది, అందులో రోటావైరస్‌ది పెద్ద వాటా. కల్చర్ అంటే శాంపిల్‌ని పోషకాలున్న ప్లేట్ మీద పూసి, అందులోని బ్యాక్టీరియాని పెంచి చూడటం. వైరస్ ఆ ప్లేట్ మీద పెరగదు. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో పెట్టినా పొద్దున కనిపించేది పేగుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియానే. కాబట్టి 'ఏమీ పెరగలేదు' అని నేను రాస్తే, పిల్లకి ఏమీ లేదని కాదు, నేను వెతికిన నాలుగైదు బ్యాక్టీరియాలు దొరకలేదని మాత్రమే.

ఇక ఏదైనా పెరిగితే? అక్కడా తిరకాసు ఉంది. మా పిన్ని కూతురు ఒకసారి కంగారుగా ఫోన్ చేసింది. "అక్కా, బాబు రిపోర్టులో ఈ.కోలై అని వచ్చింది. నెట్‌లో చూస్తే కిడ్నీలు పోతాయంటున్నారు." బాబు ఎలా ఉన్నాడే అంటే, పక్కనే ఆడుకుంటున్నాడట. ఈ.కోలై నీ పేగులోనూ ఉంది, నా పేగులోనూ ఉంది, అది లేనివాళ్లు అరుదు అని చెప్పేసరికి అవతల కాసేపు మాట లేదు.

ఈ బ్యాక్టీరియాని మొదట చూసింది పిల్లల డాక్టరే. థియోడర్ ఎషెరిష్ అనే ఆయన జర్మనీలోని మ్యూనిక్‌లో అప్పుడే పుట్టిన పిల్లల మలాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, 1885లో దీన్ని వర్ణించాడు. ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల్లోనూ ఉంది కాబట్టి చాలాకాలం ఇది పేగులో మామూలుగా ఉండేదే అనుకున్నారు. 1945లో ఇంగ్లండ్‌లో జాన్ బ్రే అనే డాక్టరు, విరేచనాలతో ఆసుపత్రిలో ఉన్న పసిపిల్లల్లో ఒకే రకం ఈ.కోలై మళ్లీ మళ్లీ దొరకడం గమనించాడు. అంటే పేరు ఒకటే అయినా అన్నీ ఒకటి కావు. కొన్ని రకాలు విషం తయారుచేసి పేగులోకి నీళ్లు వదిలేలా చేస్తాయి, వాటిని ఈటెక్ అంటారు. ఈపెక్ అనేవి పేగు గోడకి గట్టిగా అతుక్కుని, ఆహారాన్ని పీల్చుకునే సన్నటి నూగుని చదును చేసేస్తాయి. పోషకాహారం సరిగ్గా అందని పిల్లల్లో రోజుల తరబడి విరేచనాలు సాగదీసేవి ఇంకొన్ని.

చిక్కేమిటంటే మేం వాడే మాక్‌కాంకీ అనే రకం ప్లేట్ మీద ఇవన్నీ ఒకే గులాబీ రంగు కాలనీలు, అంటే కంటికి కనిపించేంతగా పెరిగిన బ్యాక్టీరియా చుక్కలు. మంచిదో చెడ్డదో కంటితో చూసి చెప్పడం నా వల్ల కాదు, ఎంత అనుభవం ఉన్నా ఎవరి వల్లా కాదు. విషం తయారుచేసే జీన్ ఉందా లేదా అని పీసీఆర్‌లో వెతకాలి. మామూలు కల్చర్‌లో ఆ పని జరగదు. అందుకే వట్టి 'ఈ.కోలై' అనే మాట చూసి యాంటీబయోటిక్ మొదలుపెట్టడం నాకు అస్సలు నచ్చదు.

పీసీఆర్ ఉంటే గొడవ తీరిపోతుందా అంటే, అదీ లేదు. ఒకే శాంపిల్‌లో ఇరవై దాకా క్రిములని ఒకేసారి వెతికే ప్యానెళ్లు ఇప్పుడున్నాయి. రిపోర్టులో మూడు నాలుగు పేర్లు పాజిటివ్ అని వస్తాయి. ఏది దోషి? ఆఫ్రికా, దక్షిణాసియాల్లో ఏడు దేశాల పిల్లలతో చేసిన జెమ్స్ అనే పెద్ద అధ్యయనం 2013లో వెలువడింది. మన కోల్‌కతా కూడా అందులో ఒక కేంద్రం. తీవ్రమైన విరేచనాలున్న పిల్లల్లో 83 శాతం మందిలో ఏదో ఒక రోగకారక క్రిమి దొరికింది. అదే వయసులో, అదే ఊళ్లో, విరేచనాలు లేని పిల్లల్ని పరీక్షిస్తే 72 శాతం మందిలో దొరికింది! ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. కొత్తగా చేరే టెక్నీషియన్లకి నేను మొదట చెప్పేది ఇదే. క్రిమి దొరకడం వేరు, జబ్బుకి అదే కారణం కావడం వేరు.

అదే అధ్యయనంలోని శాంపిళ్లని తర్వాత క్రిమి ఎంత మోతాదులో ఉందో కొలిచే పద్ధతిలో మళ్లీ పరీక్షించారు. 2016లో వచ్చిన ఆ లెక్కల్లో రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా అనే బ్యాక్టీరియా అన్నిటికంటే పైకి వచ్చింది. పాత కల్చర్ పద్ధతిలో అది చాలాసార్లు తప్పించుకుందన్నమాట. నాకు ఆశ్చర్యం కలగలేదు. షిగెల్లా ఎంత సున్నితమో రోజూ చూసేవాళ్లకి తెలుసు.

షిగెల్లా గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఒంట్లోకి వెళ్లేటప్పుడు ఇది మహా మొండి. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుంటుంది కాబట్టి పదో వందో బ్యాక్టీరియాలు చాలు జబ్బు రావడానికి. కలరాకి లక్షల్లో కావాలి. అందుకే షిగెల్లాకి చెడిపోయిన తిండో, కలుషితమైన నీళ్లో ఉండి తీరాలని లేదు, డైపర్ మార్చిన చెయ్యి చాలు. ఇంట్లో ఒక పిల్లకి వస్తే రెండో పిల్లకి అంటుకునేది ఇలాగే. కానీ అదే షిగెల్లా బయటికొచ్చిన మలంలో ఎక్కువసేపు బతకదు. డబ్బాలో మలం పులిసి ఆమ్లం పెరిగేకొద్దీ చచ్చిపోతుంది. పొద్దున పట్టిన శాంపిల్ సాయంత్రం తెస్తే, ఉన్న షిగెల్లా కూడా లేనట్టే రిపోర్టు వస్తుంది.

1897లో జపాన్‌లో రక్త విరేచనాలు చెలరేగి 90,000 మందికి పైగా జబ్బుపడ్డారు. ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా చనిపోయారు. కియోషి షిగా అనే కుర్ర డాక్టరు రోగుల మలంలోంచి ఒక బ్యాక్టీరియాని వేరుచేశాడు. షిగెల్లా అన్న పేరు ఆయన మీదే వచ్చింది. దోషి ఇదేనని ఎలా తేల్చాడంటే, జబ్బు పడినవాళ్ల రక్తంలోని సీరమ్‌ని దానితో కలిపి చూశాడు. బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా ముద్దకట్టింది. నేను ఇప్పటికీ దాదాపు అదే పని చేస్తాను. అనుమానం ఉన్న కాలనీని గాజు పలక మీద ఆ బ్యాక్టీరియాని పట్టుకునే యాంటీబాడీలున్న సీరమ్ (యాంటీసీరమ్) ఒక చుక్కతో కలిపి అటూ ఇటూ వంచుతుంటే, అర నిమిషంలో తెల్లటి రవ్వలు తేలతాయి. ఇన్నేళ్లయినా ఆ రవ్వలు తేలే క్షణం నాకు మొహం మొత్తలేదు.

షిగెల్లా పెద్దపేగు గోడ కణాల్లోకి దూరి, ఒక కణంలోంచి పక్క కణంలోకి పాకుతుంది. అక్కడ పుండ్లు పడతాయి కాబట్టి రక్తం, జిగట, గట్టి జ్వరం, మాటిమాటికీ వెళ్లాలనిపించినా కొంచెం కొంచెమే రావడం. కొందరు పిల్లలకి ఫిట్స్ కూడా వస్తాయి. అలాగని రక్తం లేకపోతే షిగెల్లా కాదనుకోకూడదు, నీళ్ల విరేచనాలుగా వచ్చేదీ ఉంది. మలంలో రక్తం కనిపిస్తే కల్చర్ రిపోర్టు కోసం కూర్చోకుండా డాక్టరు యాంటీబయోటిక్ మొదలుపెట్టే సందర్భం ఇదే. మరి కల్చర్ దేనికంటే, సెన్సిటివిటీ కోసం, అంటే ఏ మందుకి లొంగుతుందో తెలుసుకోవడానికి. ఒకప్పుడు తేలిగ్గా లొంగిన మందులకి షిగెల్లా ఇప్పుడు లొంగడం లేదు. ఫ్లోరోక్వినలోన్లు అనే రకం యాంటీబయోటిక్‌లకి లొంగని షిగెల్లాని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రమాదకర బ్యాక్టీరియాల జాబితాలో 2024లో ఇంకా పై వర్గంలో పెట్టింది. మొదలుపెట్టిన మందుతో రెండు రోజులకీ తగ్గకపోతే, అప్పుడు నా రిపోర్టుకి నిజంగా విలువ వస్తుంది.

రక్తంతో వచ్చేదే ఇంకొకటుంది, అది పూర్తిగా వేరే కథ. షిగా కనుక్కున్న ఆ బ్యాక్టీరియా వదిలే విషాన్నే (షిగా విషం అంటారు) తయారుచేసే ఈ.కోలై రకం. ఓ157:హెచ్7 అన్నది అందులో పేరుమోసింది, 1982లో అమెరికాలో సరిగ్గా ఉడకని మాంసం తిన్నవాళ్లలో బయటపడింది. ఇందులో సాధారణంగా జ్వరం పెద్దగా ఉండదు, కడుపునొప్పి మాత్రం విపరీతం. అసలు ప్రమాదం విరేచనాలు మొదలైన వారం ప్రాంతంలో, అవి తగ్గుతున్నాయనుకునే సమయానికి వస్తుంది. కొందరు పిల్లల్లో ఎర్ర రక్తకణాలు చిట్లిపోయి, ప్లేట్‌లెట్లు పడిపోయి, కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. హెచ్‌యూఎస్ అంటారు. నా పిన్ని కూతురు నెట్‌లో చూసి బెదిరింది దీన్నే. దీనికి యాంటీబయోటిక్ ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు, ఇస్తే ఆ విషం ఇంకా ఎక్కువ విడుదలై కిడ్నీలకి ముప్పు పెరగొచ్చని. ఒకే లక్షణం, రక్త విరేచనం. ఒక బ్యాక్టీరియాకి యాంటీబయోటిక్ ప్రాణం నిలుపుతుంది, ఇంకోదానికి ప్రాణం మీదికి తేవచ్చు. పేరు తెలియడం అవసరం అన్నది ఇలాంటి చోటే. పిల్ల పాలిపోయి, మూత్రం తగ్గి, మొహం ఉబ్బినట్టు అనిపిస్తే విరేచనాలు తగ్గాయన్న ధీమాతో ఇంట్లో ఉండకూడదు.

సాల్మొనెల్లా అని ఇంకో బ్యాక్టీరియా ఉంది. ఎక్స్ఎల్‌డీ అనే ఇంకో రకం ప్లేట్ మీద ఎర్రటి కాలనీ, మధ్యలో నల్లటి చుక్క. చూడ్డానికి అందంగా ఉంటుంది, తప్పు పట్టకండి. టైఫాయిడ్ కాకుండా వట్టి విరేచనాలు తెచ్చే రకాలు గుడ్లు, మాంసం, కాచని పాల ద్వారా, పెంపుడు తాబేళ్లు, బల్లిజాతి జంతువుల ద్వారా కూడా వస్తాయి. చిన్న తాబేళ్లని అమ్మడం అమెరికాలో 1975 నుంచి నిషేధం, పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే. ఆరోగ్యంగా ఉన్న పెద్దపిల్లల్లో దీనికి యాంటీబయోటిక్ వేసినా విరేచనాలు తొందరగా తగ్గవు, పైగా మలంలో బ్యాక్టీరియా ఇంకా ఎక్కువ రోజులు కొనసాగుతుంది. మూడు నెలలలోపు పసికందుల్లో మాత్రం ఇది రక్తంలోకి పాకే ప్రమాదం ఉంది కాబట్టి వాళ్ల విషయంలో డాక్టర్లు వేరేగా ఆలోచిస్తారు. ఆ వయసు బిడ్డకి విరేచనాలతో జ్వరం కూడా ఉంటే ఇంట్లో ఏ చిట్కా పనికిరాదు, వెంటనే తీసుకెళ్లాలి.

విరేచనాలు తెచ్చే ఇంకో బ్యాక్టీరియా క్యాంపైలోబ్యాక్టర్. దీనికి గాలిలో ఉన్నంత ఆక్సిజన్ పడదు, 42 డిగ్రీల వేడి కావాలి. ఇలాంటి ఏర్పాటు లేక దశాబ్దాల తరబడి మామూలు లాబ్‌లకి దొరకలేదు. 1977లో మార్టిన్ స్కిరో అనే బ్రిటిష్ డాక్టరు మామూలు లాబ్‌లోనూ పెంచే పద్ధతి చూపించాక, అది విరేచనాలకి ఎంత పెద్ద కారణమో అందరికీ తెలిసింది. ఇందులో నాకు నచ్చే సంగతి ఒకటి. పైన చెప్పిన ఎషెరిషే 1886లో, విరేచనాలతో చనిపోయిన పసిపిల్లల పేగుల్లో మెలికలు తిరిగిన బ్యాక్టీరియాల్ని చూసి రాసిపెట్టాడు. ఆయన వాటిని పెంచలేకపోయాడు. అవి క్యాంపైలోబ్యాక్టర్లే అయ్యుంటాయని ఇప్పుడు అంటున్నారు. ఈనాటికీ అన్ని లాబ్‌లూ దీన్ని వెతకవు. మీ రిపోర్టులో ఏమేం వెతికారో అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు.

కలరా గురించి క్లుప్తంగా. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు, గంటల్లో పిల్ల వాడిపోవడం. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగుల మీద ప్రయోగం చేసి, బ్యాక్టీరియాని వడగట్టేసిన ద్రవం కూడా పేగుని నీళ్లతో నింపేస్తుందని చూపించారు. అంటే పని చేస్తున్నది ఆ బ్యాక్టీరియా వదిలిన విషం. ఈటెక్ విషాల్లో ఒకటి దీనికి దగ్గరి చుట్టమే. ఈ రెండింటిలోనూ పేగు గోడ దెబ్బతినదు, నీళ్లూ ఉప్పూ మాత్రం కారిపోతాయి.

ఏడాదిలోపు పిల్లల్లో సి.డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పరీక్ష అడిగే కాగితాలు కూడా అప్పుడప్పుడు వస్తాయి. ఆ వయసులో అది జబ్బేమీ చేయకుండానే చాలామంది పిల్లల పేగుల్లో ఉంటుంది. అందుకే మామూలుగా ఆ పరీక్ష చేయొద్దంటారు.

ఇప్పుడు శాంపిల్ సంగతి, ఎందుకంటే నా చిరాకు మొత్తం ఇక్కడే ఉంది. డైపర్ నీళ్లని పీల్చేసుకున్నాక మిగిలిన పిప్పిని గీకి తేకండి. డైపర్ లోపల పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి పట్టండి, మూత్రం కలవకుండా చూసుకోండి. ఎక్కడైనా జిగట, రక్తం కనిపిస్తే ఆ భాగమే తీసుకోండి. ఒక చెంచాడు చాలు. డబ్బా నిండా నింపితే లోపల గ్యాస్ పుట్టి మూత తీసినప్పుడు ఏమవుతుందో నేను వివరించను. యాంటీబయోటిక్ మొదటి డోసు కంటే ముందు పట్టాలి, రెండు గంటల్లోపు చేరాలి. అంత తొందరగా కుదరదనుకుంటే క్యారీబ్లెయిర్ అనే పదార్థం ఉన్న ట్యూబు ముందే అడిగి తీసుకోండి, అందులో బ్యాక్టీరియా ఇంకాస్త ఎక్కువసేపు బతుకుతుంది.

ఇంత చేసినా నా రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికి చాలామంది పిల్లలు కోలుకుని పరుగులు పెడుతుంటారు. ప్రపంచంలో ఏటా ఐదేళ్లలోపు పిల్లలు 4 లక్షల మందికి పైగా విరేచనాలతో చనిపోతున్నారు. వాళ్లలో చాలామందిని చంపేది ఒంట్లో నీరు, లవణాలు అయిపోవడం. దానికి బ్యాక్టీరియా పేరుతో పనిలేదు. నీళ్లు కారిపోతున్నప్పుడు కూడా పేగు గోడలో గ్లూకోజునీ సోడియాన్నీ కలిపి లోపలికి లాక్కునే దారి పాడవకుండా ఉంటుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. ఓఆర్ఎస్ పనిచేసేది అలా. 2002 నుంచి వాడుతున్న ఫార్ములాలో లీటరుకి సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోళ్లు ఉంటాయి. రెండూ సమానం, అదేదో రుచి కోసం పెట్టింది కాదు. అందుకే ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు అని రాసుంటే అన్నీ పోయాల్సిందే. 'బలంగా' ఉంటుందని తక్కువ నీళ్లలో కలిపితే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రమాదం. కూల్‌డ్రింకులు, తియ్యటి జ్యూసులు దీనికి బదులు కావు, ఎక్కువ చక్కెర పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది.

ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకంటే పెద్దవాళ్లకి 100 నుంచి 200. చెంచాతో, ఆగి ఆగి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా మళ్లీ. కలిపిన ఓఆర్ఎస్ 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపొద్దు. జింక్ మందుని డాక్టరు చెప్పినన్ని రోజులు పూర్తిగా వేయాలి, విరేచనాలు ఆగగానే మానేయకూడదు. విరేచనాలు కట్టేసే మాత్రలు ఐదేళ్లలోపు పిల్లలకి వద్దు, పెద్దవాళ్ల కోసం తెచ్చి మిగిలినవి అసలే వద్దు. కళ్లు లోపలికి పోవడం, మాడు గుంట పడటం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, గంటల తరబడి మూత్రం లేకపోవడం, పిల్ల మగతగా ఉండి తాగలేకపోవడం, ఇందులో ఏది కనిపించినా ఆసుపత్రికి బయల్దేరండి. దారిలోనూ చెంచాతో పడుతూనే ఉండండి.

పోయిన వారం మళ్లీ పిన్ని కూతురే ఫోన్ చేసింది, ఈసారి పక్కింటివాళ్ల పాప కోసం. కల్చర్‌లో ఏమీ రాలేదట, కానీ విరేచనాలు మూడో వారంలో పడ్డాయి. అలాంటప్పుడు అదే కల్చర్ మళ్లీ చేయించి లాభం లేదే అన్నాను. పద్నాలుగు రోజులు దాటితే వెతకాల్సినవి మారిపోతాయి. జియార్డియా, క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు, దెబ్బతిన్న పేగుకి పాలలోని చక్కెర అరగకపోవడం, పిల్ల బరువు ఎంత తగ్గిందన్నది. అవి చూడాల్సింది పిల్లల డాక్టరు, నేను కాదు. శాంపిల్ మాత్రం ఎలా పట్టాలో చెప్పాను, రెండుసార్లు.